నీ ఫారమ్ నింపేది బ్రౌజరే అనుకోకు

అమ్మాయీ,

నువ్వు పంపిన రిజిస్ట్రేషన్ ఫారమ్ కోడ్ చూశాను. జావాస్క్రిప్ట్ చెకింగ్ ముచ్చటగా ఉంది. ఖాళీగా వదిలేస్తే పెట్టె ఎర్రబడుతోంది, అన్నీ సరిగ్గా నింపేదాకా బటన్ నొక్కనివ్వడం లేదు. సర్వర్ వైపు కోడ్ తెరిస్తే మాత్రం, వచ్చింది వచ్చినట్టే డేటాబేస్‌లో వేసేస్తున్నావు. వీధి తలుపుకి తాళం వేసి పెరటి తలుపు బార్లా తీసి పెట్టావన్నమాట.

సర్వర్‌కి వచ్చే రిక్వెస్ట్ నీ పేజీ నుంచే వస్తుందన్న హామీ ఏదీ లేదు. కర్ల్‌తో, అంటే బ్రౌజర్ లేకుండానే రిక్వెస్ట్ పంపే కమాండ్ లైన్ టూల్‌తో, ఒక్క లైను రాస్తే నీ జావాస్క్రిప్ట్ ఊసే లేకుండా డేటా వచ్చి పడుతుంది. నేనూ కొత్తలో ఆర్డర్ ఫారమ్‌లో ధరను హిడెన్ ఫీల్డ్‌లో పెట్టాను. కనపడదు కదా, ఎవరు మారుస్తారులే అనుకున్నా. ఎవరో ఆ అంకెని 1 చేసి పంపారు, సర్వర్ బుద్ధిగా ఒక్క రూపాయికే బిల్లు వేసింది. ఆ వారమంతా తలెత్తుకోలేకపోయాను. అప్పటినుంచి వస్తువు ఐడీ, ఎన్ని కావాలి, ఈ రెండే ఫారమ్ నుంచి తీసుకుంటా. ధర డేటాబేస్ చెప్పాల్సిందే.

వచ్చిన ఫీల్డులన్నిటినీ గంపగుత్తగా మోడల్‌లోకి (డేటాబేస్ పట్టికకి కోడ్‌లో ఉండే రూపం) ఎక్కించడం కూడా మానెయ్. ఫారమ్‌లో లేని అడ్మిన్ ఫీల్డ్‌ని జోడించి పంపేవాళ్లుంటారు. 2012లో కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్ అంతటిదే ఈ మాస్ అసైన్‌మెంట్ దగ్గర దొరికిపోయింది. నీకు కావాల్సిన ఫీల్డుల పేర్లు రాసుకుని, అవే తీసుకో.

ఇక పేరు పెట్టెకి నువ్వు రాసిన రెజెక్స్, అంటే ఏ అక్షరాలు చెల్లుతాయో చెప్పే నమూనా. ఏ నుంచి జెడ్ దాకా ఇంగ్లిష్ అక్షరాలు మాత్రమేనా? తెలుగులో పేరు రాసుకున్నవాళ్లు ఏమైపోవాలి? ‘శ్రీ’ అని టైప్ చేసి చూడు. కంటికి ఒకటే అక్షరం. అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్ లెక్కలో శ, పొల్లు, ర, గుడి దీర్ఘం కలిపి 4. వాటిని బైట్లుగా దాచే యూటీఎఫ్-8లో ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 12. పీహెచ్‌పీలో బైట్లు లెక్కపెట్టే ఎస్‌టీఆర్‌లెన్ (strlen) 12 అంటుంది, యూనికోడ్ గుర్తులు లెక్కపెట్టే ఎంబీ-ఎస్‌టీఆర్‌లెన్ (mb_strlen) 4 అంటుంది. పేరు 20 దాటకూడదని రాసేముందు ఆ 20 దేని లెక్కో తేల్చుకో.

ఎక్కువ లైన్లు రాసే పెట్టె టెక్స్ట్ఏరియాలోనూ ఇలాంటి తిరకాసే ఉంది. కొత్త లైనుని బ్రౌజర్ తన లిమిట్‌లో ఒకటిగా లెక్కేస్తుంది, పంపేటప్పుడు రెండు క్యారెక్టర్లు చేసి పంపుతుంది. లిమిట్ 500 అయితే, కొత్త లైన్లతో కలిపి సరిగ్గా 500 రాసిన మనిషికి నీ సర్వర్ ‘ఎక్కువైంది’ అంటుంది, ఆ మనిషి జుట్టు పీక్కుంటాడు. ముందు లైన్ బ్రేకులు సరిచేసి, చివర్లలో ఖాళీలు తీసేసి, అప్పుడు కొలువు. పాస్‌వర్డ్‌ని మాత్రం ముట్టుకోకు, స్పేస్ కూడా అందులో భాగమే కావచ్చు. అన్నట్టు, టిక్ పెట్టని చెక్‌బాక్స్ అసలు రాదు. ఫీల్డ్ లేకపోతే ‘కాదు’ అని అర్థం చేసుకోవాలి, కోడ్ కూలిపోకూడదు.

ఈమెయిల్ ఇప్పటికే ఉందా అని ముందు సెలెక్ట్ చేసి, తర్వాత ఇన్సర్ట్ చేస్తున్నావు. ఆ రెండింటి మధ్య సందులో ఇంకో రిక్వెస్ట్ దూరిపోతుంది. బటన్ రెండుసార్లు నొక్కితే చాలు. డేటాబేస్‌లో ఒకే ఈమెయిల్‌ని రెండోసారి చేరనివ్వని యూనిక్ ఇండెక్స్ పెట్టి, అది ఇచ్చే ఎర్రర్‌ని పట్టుకుని మర్యాదగా చెప్పు.

కోట్ గుర్తుల్ని నిషేధిస్తే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ (పెట్టెలో రాసింది డేటాబేస్ ఆజ్ఞగా నడిచిపోవడం) ఆగుతుందనుకున్నట్టున్నావు. అది ఫారమ్ చెకింగ్ పని కాదు. క్వెరీలో విలువల్ని అతికించకుండా పారామీటర్లుగా విడిగా ఇవ్వు, పేజీలో చూపించేటప్పుడు ఎస్కేప్ చెయ్, అంటే < లాంటి గుర్తులు కోడ్‌గా కాక మామూలు అక్షరాలుగా కనపడేలా మార్చు. పేరులో అపాస్ట్రఫీ ఉన్నవాళ్లు ఏం పాపం చేశారు?

తప్పులు దొరికాక ఏం చేస్తావన్నదే నేను అన్నిటికన్నా పట్టించుకునే సంగతి. ఒక తప్పు చూపించి, అది సరిచేశాక ఇంకోటి బయటపెట్టడం వద్దు. అన్నీ ఒకేసారి, ఏ పెట్టె తప్పు ఆ పెట్టె పక్కనే చూపించు. రాసినవన్నీ అలాగే ఉండాలి, పాస్‌వర్డ్ తప్ప. పదిహేను పెట్టెలు నింపిన మనిషికి ఖాళీ ఫారమ్ చూపిస్తే మళ్లీ నీ సైట్ మొహం చూడడు. ‘చెల్లని విలువ’ అనకు, ‘పుట్టిన తేదీ రేపటిది ఇచ్చారు’ అను. ఆ పేజీకి 422 స్టేటస్ (వచ్చిన డేటా చెల్లదని చెప్పే కోడ్) ఇవ్వు. అంతా బాగుంటే 303తో వేరే పేజీకి పంపు, రిఫ్రెష్ కొడితే ఫారమ్ మళ్లీ వెళ్లకుండా.

ముందు ఆ రెజెక్స్ తీసేసి కోడ్ మళ్లీ పంపు. ఈసారి నేను నీ పేజీ తెరవను, కర్ల్‌తోనే వస్తా.

మీ మావయ్య