అమ్మమ్మ వద్దన్న ఫొటో

ప్రశ్న: నేను ఫొటోగ్రఫీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈసారి ప్రాజెక్టుకి మా అమ్మమ్మని తీసుకున్నాను. ఆరు వారాల్లో దాదాపు నాలుగు వేల ఫొటోలు తీశాను. రోజూ రాత్రి రెండింటిదాకా ఎడిటింగ్ చేసి, చివరికి 20 ప్రింట్లు క్రిటిక్ క్లాసులో గోడకి పెట్టాను. పావుగంటలో అంతా అయిపోయింది. "మీ అమ్మమ్మ మీద నీకున్న ప్రేమ కనిపిస్తోంది, ఫొటో కనిపించడం లేదు. ఈ ఒక్కటీ కాస్త నయం" అన్నారు సర్. ముందు రోజు రాత్రి చూపిస్తే "సూపర్" అన్న నా ఫ్రెండే, అందరి ముందూ "రంగులు మరీ ఎక్కువయ్యాయి, అన్నీ ఒకేలా ఉన్నాయి" అంది. తనతో మాట్లాడటం మానేశాను. నెల రోజులుగా కెమెరా బ్యాగు తెరవలేదు. "వేరే కోర్సు తీసుకోమని ముందే చెప్పాను కదా" అంటున్నారు నాన్న. నాకు నిజంగా టాలెంట్ లేదా? అన్నట్టు, సర్ నయం అన్న ఫొటో అమ్మమ్మ పళ్ల సెట్టు తీసేసి నిద్రపోతున్నప్పుడు తీసింది. ఎవరికీ చూపించొద్దంది. నేను పెట్టానని తెలిసినప్పటినుంచి ముభావంగా ఉంటోంది.

- ఒక విద్యార్థిని

జవాబు: మా అమ్మాయి వయసు నీది, అందుకే నువ్వు అని రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ఇక్కడ కుదించి వేశాం కానీ, నీ ఉత్తరంలో క్లాసు గురించి పేజీన్నర ఉంది, ఫ్రెండ్ గురించి అర పేజీ ఉంది. అమ్మమ్మ ముభావంగా ఉన్న సంగతి మాత్రం చిట్టచివర, "అన్నట్టు" అంటూ వచ్చింది. గంటసేపు ఏవేవో చెప్పి, లేచి తలుపు దగ్గరికి వెళ్లాక అసలు మాట చెప్పేవాళ్లని నా కౌన్సెలింగ్ పనిలో చాలామందిని చూశాను. కాబట్టి ఆ "అన్నట్టు" దగ్గరికి తప్పకుండా వస్తాను. ముందు మాత్రం నువ్వు అడిగిందానికే జవాబు చెబుతాను, లేకపోతే మిగతాది నీ చెవికెక్కదు.

సర్ మాట్లాడిన తీరు నాకు నచ్చలేదు. ఫొటో కనిపించడం లేదన్నప్పుడు ఏ ప్రింటులో, ఏ మూల, ఏం లోపించిందో కూడా చెప్పాలి. కానీ ఆయన చెప్పబోయింది ఏమిటో నాకు కొంత అర్థమైంది. అమ్మమ్మ కుర్చీలో కూర్చున్న ఫొటో ఒకటి ఉందనుకో, అది చూడగానే ఆ రోజు ఆవిడ చెప్పిన కబురు, గొంతు, నువ్వు నవ్విన నవ్వు అన్నీ నీకు గుర్తొస్తాయి. గోడ ముందు నిలబడ్డ వాళ్లకి అవేవీ లేవు. వాళ్ల ముందున్నది ఒక కుర్చీ, ఒక ముసలావిడ, వెనకాల మూలన తళుక్కుమంటున్న ఏదో ప్లాస్టిక్ కవరు. ఫ్రేములో ఎక్కువ వెలుతురున్న చోటికే కన్ను ముందు పోతుంది కదా, వాళ్లు ఆ కవరునే చూసి ఉంటారు.

ఈ ఇబ్బంది పెద్దవాళ్లకీ ఉంది. గ్యారీ వినోగ్రాండ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ తీసిన రీళ్లని ఏడాదికి పైగా కడగకుండా పక్కన పెట్టేవాడట. తీసినప్పటి ఉత్సాహం చల్లారితే తప్ప ఏది మంచి ఫొటోనో తేలదని ఆయన నమ్మకం. రాబర్ట్ ఫ్రాంక్ అనే ఇంకో ఫొటోగ్రాఫర్ 1955 నుంచి 1957 దాకా అమెరికా అంతా తిరిగి 27 వేలకు పైగా ఫ్రేములు తీశాడు. వాటితో వేసిన "ది అమెరికన్స్" పుస్తకంలోకి వచ్చినవి 83. అంటే మూడు వందలకి పైగా తీస్తే ఒకటి నిలిచింది. నువ్వు రెండు వందలకి ఒకటి ఉంచావు, ఏరడంలో మరీ ఉదారంగా ఏమీ లేవు. నీకు దొరకనిది వ్యవధి. తీసిన రాత్రే ఏరావు, ఏరిన రాత్రే రంగులు దిద్దావు.

రంగుల సంగతికి వస్తే, మీ ఫ్రెండ్ చెప్పింది నిజమే అయుంటుంది. శాచురేషన్, అంటే రంగుల గాఢత, కాస్త పెంచి పది నిమిషాలు చూస్తే కన్ను దానికి అలవాటు పడిపోతుంది. మళ్లీ చప్పగా అనిపిస్తుంది, మళ్లీ పెంచుతాం. అర్ధరాత్రి ఒంటరిగా కూర్చుంటే అడ్డుచెప్పేవాళ్లు కూడా ఉండరు. కెమెరా నుంచి వచ్చిన అసలు ఫైళ్లు (రా ఫైళ్లు) ఎలాగూ చెక్కుచెదరకుండా ఉంటాయి కాబట్టి ఒక పని చెయ్యి. పొద్దున పూట, అసలు ఫొటోని పక్కనే పెట్టుకుని, స్లైడర్‌ని నువ్వు ఆపిన చోటునుంచి సగం వెనక్కి లాగి చూడు. ఆ 20లో ఎన్నిటికి అసలా దిద్దుబాటు అక్కర్లేదో నీకే తెలుస్తుంది.

నిన్ను బాధపెట్టింది ఆ మాట కాదు, ముందు రోజు సూపర్ అని మర్నాడు అందరి ముందూ తిరగబడటం. నీ కోపం న్యాయమే. అయితే ఒకటి ఆలోచించు. గోడకి పెట్టడానికి కొన్ని గంటల ముందు, ప్రింట్లన్నీ తయారయ్యాక, నిద్రలేని కళ్లతో చూపించి "ఎలా ఉన్నాయి?" అంటే ఎవరైనా ఏమంటారు? సూపర్ అనే అంటారు. తనకి ఫోన్ చేసి, "నువ్వు చెప్పింది కరెక్టే. కానీ అందరిలో అనేముందు నాతో అని ఉంటే బాగుండేది" అని రెండు ముక్కలూ చెప్పు. మొదటిది మింగేసి రెండోది మాత్రమే అంటే గొడవవుతుంది. రెండోది మింగేస్తే అది నీ లోపలే ఉండిపోతుంది.

టాలెంట్ ఉందో లేదో నేను తేల్చలేను, ఫొటోలు చూసినా తేల్చలేను. నా శిక్షణ రోజుల్లో మేం చేసిన సెషన్ల రికార్డింగులు సూపర్‌వైజర్ ముందు వినాల్సి వచ్చేది. ఏడుస్తున్న మనిషి మాటని నేనే మధ్యలో తెంచేశానని మొదటిసారి అలా తెలిసింది. సూపర్‌వైజర్ టేపు వెనక్కి తిప్పి, అదే చోట మూడుసార్లు వినిపించింది. వారం రోజులు ఎవరి ముందూ నోరు విప్పబుద్ధి కాలేదు. పనికిరానేమో అనుకున్నాను. నెల రోజులు కెమెరా ముట్టకపోవడం నాకేమీ వింతగా లేదు. నాన్నగారికి ఇప్పుడే జవాబు చెప్పాల్సిన పని లేదు, ఈ టర్మ్ అయ్యాక మాట్లాడతానను చాలు.

ఆ రికార్డింగుల గురించి ఒక్కమాట. అవతలి మనిషి ఒప్పుకుంటేనే టేపు బయటికి వచ్చేది. ఒకసారి ఒకాయన చివరి నిమిషంలో వద్దన్నాడు. నా సెషన్లన్నిటిలో అదే బాగా వచ్చింది. దాన్ని ఎవరూ వినలేదు.

ఇక అమ్మమ్మ దగ్గరికి వద్దాం. 20 ఫొటోల్లో సర్ మెచ్చుకున్నది ఒక్కటే. అది ఆవిడ చూపించొద్దన్నది. ఆ మెచ్చుకోలుకి సంతోషించలేవు, అలాగని వదులుకోనూ లేవు. కెమెరా బ్యాగు జిప్పు నెల రోజులుగా మూసి ఉన్నది విమర్శల వల్ల కాదేమో, ఈ మెచ్చుకోలు వల్లేమో చూసుకో.

1936లో కాలిఫోర్నియాలో డొరొతియా లాంగ్ తీసిన ఒక తల్లి ఫొటో నీ సిలబస్‌లో ఉండే ఉంటుంది. చెంపకి చెయ్యి ఆనించుకుని, రెండు వైపులా పిల్లలతో కూర్చున్న ఆవిడ. లోకమంతా చూసిన ఆ ముఖం ఎవరిదో 1978 దాకా బయటికి రాలేదు. ఆవిడ పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థామ్సన్. తన పేరైనా అడగలేదని, ఆ ఫొటో తీయకుండా ఉంటే బాగుండేదని అప్పుడు చెప్పుకుంది. ఫొటో గొప్పది. ఆవిడ బాధా అబద్ధం కాదు. లాంగ్ చనిపోయి అప్పటికే సుమారు పదమూడేళ్లయింది, మాట్లాడుకునే వీలే లేదు. నీకు పక్క గదిలోకి నడిచి వెళ్తే చాలు.

కెమెరా లేకుండా వెళ్లు. ఆ ప్రింటు తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టు. "నువ్వు వద్దన్నావు, అయినా పెట్టాను, తప్పు చేశాను" అని మొదలుపెట్టి అక్కడే ఆగు. అందరికీ నచ్చిందనీ, సర్ మెచ్చుకున్నారనీ చెప్పకు, అది ఆవిడకి ఇంకా సిగ్గు. ఎంతమంది చూశారని అడిగితే ఉన్న సంఖ్య చెప్పు. ఫైలుని ఏం చెయ్యమంటారో ఆవిడనే అడుగు. తీసెయ్యమంటే కార్డులో, హార్డ్ డిస్కులో, ఫోన్లో, బ్యాకప్‌లో, అన్నిచోట్లా తీసెయ్యి. ఆవిడ చూస్తుండగా. వెంటనే మాట్లాడకపోతే మాట్లాడకపోనీ, ఆవిడకి కూడా నెల రోజులు కావాలేమో.

తర్వాత ఎప్పుడైనా ఆవిడకి ఇష్టమైతే, మిగిలిన వాటిలోంచి ఓ వంద చిన్న ప్రింట్లు తీయించి మంచం మీద పరిచి ఆవిడనే ఏరమను. నీకు నచ్చినవి పక్కకి తోసేస్తారు, నువ్వు అసలు పట్టించుకోనిది చేతిలోకి తీసుకుని చాలాసేపు చూస్తారు. అలా చెయ్యి ఆగిన చోటల్లా గుర్తుపెట్టుకో. పళ్ల సెట్టు పెట్టుకున్నాకే తీయాలంటే సరేనను. పడుకున్నప్పుడు వద్దంటే, ఆవిడ లేచి వెళ్లాక నలిగిన దుప్పటి ఉంటుంది, తలగడ మీద తల గుంట ఉంటుంది.

టర్మ్ చివర మళ్లీ గోడకి పెట్టేటప్పుడు ఇరవయ్యో చోటు ఖాళీగానే ఉంచు. సర్ అడిగితే, అది అమ్మమ్మ వద్దంది అని చెప్పు.