ఫ్రాక్టూర్ చదవబోయే మా మేనకోడలికి

అమ్మలూ,

జర్మనీలో మీ హాలె ఊళ్లో పాత జర్మన్ పుస్తకం తెరిస్తే ఒక్క మాటా పట్టుబడలేదని, రెండేళ్లు నేర్చుకున్న జర్మన్ వృథా అనిపించిందని రాశావు. టెన్షన్ పడకు. నీకు భాష రాక కాదు, ఫ్రాక్టూర్ అనే ఆ పాత జర్మన్ అచ్చు అక్షరాలకి కన్ను అలవాటు పడక.

ముందు చదునైన పాళీ ఉన్న కలం కొనుక్కో. వాలుగా పట్టుకుని ఎన్, ఎమ్, యు రాయి. గుండ్రంగా తిరగాల్సిన చోట గీత విరిగి మలుపు తిరుగుతుంది. ఫ్రాక్టూర్ అన్న పేరుకి మూలమైన లాటిన్ మాటకి అర్థం కూడా విరిగినది అనే. చెయ్యి ఒకసారి ఆ దారిన నడిస్తే కన్ను దాని వెంట వెళ్తుంది. మైంజ్‌లో గూటెన్‌బర్గ్ 1455 ప్రాంతంలో బైబిల్ అచ్చు వేసినప్పుడు లేఖకుల చేతిరాతనే లోహంలో పోత పోశాడు. ఆ రకాన్ని టెక్స్టూరా అంటారు, కంచె కర్రల్లా అన్నీ నిలువు గీతలే. పంక్తుల చివర్లు సమంగా రావడానికి ఒకే అక్షరానికి సన్నవి, వెడల్పువి, జంటగా అతికినవి చొప్పున, అక్షరాలన్నిటికీ కలిపి దాదాపు 290 రకాల అచ్చులు చేయించాడు. తెలుగు అచ్చు అక్షరాలుండే వందల గళ్ళ కేసుల ముందు నిలబడి కంపోజింగ్ నేర్చుకున్నవాణ్ణి కదా, ఆ సంఖ్య చదివిన రోజు నాకు ఆయన మా ప్రెస్సులో మనిషిలాగే అనిపించాడు.

నీ అసలు ఇబ్బంది ఎస్ దగ్గరే. మాట మొదట్లో, మధ్యలో పొడుగు ఎస్ వస్తుంది, చివర్న పొట్టిది. పొడుగు ఎస్ అచ్చం ఎఫ్‌లా ఉంటుంది. ఎఫ్‌కి అడ్డగీత నిలువు గీతని దాటి కుడివైపుకి వస్తుంది, ఎస్‌కి రాదు. అక్కడ భూతద్దం పెట్టి చూడు. రెండు మాటలు అతికినప్పుడు, మొదటి మాట చివరున్న ఎస్ కూడా పొట్టిదే. అందుకే మామూలు లిపిలో ఒకేలా Wachstube అని ఉండే 'వఖ్‌ష్టూబె' (కాపలా గది), 'వక్స్‌టూబె' (మైనం గొట్టం) ఫ్రాక్టూర్‌లో ఎస్ చూడగానే విడిపోతాయి: మొదటిదాంట్లో పొడుగుది, రెండోదాంట్లో పొట్టిది. అంత చక్కటి ఏర్పాటు పోయిందే అని నాకు ఇప్పటికీ బాధ.

పెద్ద అక్షరాల్లో బి, వి కలగాపులగం అవుతాయి. ఎన్, ఆర్ కూడా అంతే. ఐకి, జెకి తరచు ఒకటే అచ్చు. విడివిడిగా కూడబలుక్కోకు, మాట మొత్తం చూడు. థకి, ధకి తేడా మనం చుక్క వెతుక్కుని చదవం కదా! నడుమ లాటిన్ మాటలొస్తే మామూలు రోమన్ అక్షరాల్లో ఉంటాయి, అక్కడ కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు.

ఇది నాజీల లిపి అని ఎవరైనా అంటే నమ్మకు. 1941 జనవరి 3న ఉత్తర్వు ఇచ్చి దాన్ని పక్కన పెట్టించింది వాళ్లే. యూదుల అక్షరాలని అందులో రాసిన కారణం శుద్ధ అబద్ధం.

రోజుకి ఒక్క పేజీ చాలు, పైకి చదువు. ఇంకో పని కూడా చెయ్యి. మద్రాసులో పనిచేసి వెళ్లిన జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1746లో తెలుగు పుస్తకం అచ్చు వేయించింది మీ హాలెలోనే. అడిగి చూపించమను. తలకట్టు ఎలా పోత పోశారో బాగా చూసి నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ పెదమామయ్య