నేను నిద్రపోయాకే ఆయన గదిలోకి వస్తున్నారు

ప్రశ్న: మాకు పెళ్లయి తొమ్మిదేళ్లు. ఒక బాబు. రెండేళ్లుగా మా మధ్య శారీరక సంబంధం లేదు. మొదట్లో రెండు మూడుసార్లు ఆయనకు అంగస్తంభన నిలవలేదు. అప్పుడే ఒక రాత్రి విసుగులో ‘ఇక మీ వల్ల కాదులెండి’ అనేశాను. మర్నాడే క్షమించమన్నాను కూడా. ఏడాదిగా ఆయన ఆందోళన తగ్గడానికి మాత్రలు వాడుతున్నారు. ఇప్పుడు నేను నిద్రపోయేదాకా ఫోన్ పట్టుకుని హాల్లోనే కూర్చుంటారు. కౌన్సెలింగ్‌కు వెళ్దామంటే, ‘పడగ్గది సంగతులు మూడో మనిషికి చెప్పుకోవాలా?’ అంటున్నారు. ప్రేమే ఉంటే తనంతట తను దగ్గరకు రావాలి కదా? నేనొక్కదాన్నే వెళ్తే లాభం ఉంటుందా?

జవాబు: మీరు వెళ్లండి. ఎందుకు వెళ్లమంటున్నానో చెప్పేముందు ఆ హాల్లో కూర్చున్న మనిషి గురించి కాస్త మాట్లాడుకుందాం.

ఆయన మాట వినకుండా ఏదీ తేల్చి చెప్పలేను. కానీ మీరు నిద్రపోయేదాకా కాచుకుని కూర్చునే మనిషిలో నాకు ఇష్టం లేకపోవడం కంటే భయమే ఎక్కువ కనిపిస్తోంది. ఒకసారి కుదరకపోతే, తర్వాతిసారి ‘ఈసారైనా అవుతుందా’ అని మనసు తననే గమనించుకోవడం మొదలుపెడుతుంది. భయపడినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. స్తంభనకు అవి వదులవ్వాలి. అంటే భయమే ఆ పని చెడగొడుతుంది. చెడింది కాబట్టి భయం ఇంకా పెరుగుతుంది. ఇలా నాలుగుసార్లు జరిగాక మీరు మామూలుగా భుజం మీద చెయ్యి వేసినా ఆయనకు అది పరీక్షకు పిలుపులాగే వినిపిస్తుంది. అందుకే ముద్దూ పోతుంది, పక్కన కూర్చోవడమూ పోతుంది. మీకు అన్నిటికంటే ఎక్కువ లోటు అనిపిస్తున్నది కూడా బహుశా అదే.

మీరన్న ఆ ఒక్క మాట దీనంతటికీ కారణం కాదు. సమస్య అంతకు ముందే మొదలైందని మీ ఉత్తరంలోనే ఉంది. అయితే ఆ మాట ఆయన మనసులో నిలిచిపోయి ఉండొచ్చు. మర్నాటి క్షమాపణ చాలాసార్లు ‘సరేలే’ దగ్గరే ఆగిపోతుంది.

ఇక శరీరం సంగతి. దీన్ని పక్కనపెట్టి నేరుగా మనసు దగ్గరకు వెళ్లడం పొరపాటు. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, పొగతాగడం, మద్యం, పురుష హార్మోన్ టెస్టోస్టిరాన్ తగ్గడం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. పురుషాంగంలోని ధమనులు గుండె ధమనుల కంటే సన్నవి. అందుకని గుండెజబ్బు బయటపడటానికి కొన్నేళ్ల ముందే స్తంభన లోపం కనిపించవచ్చు. తెల్లవారుజామున నిద్రలో స్తంభన మామూలుగానే వస్తోందా అని డాక్టర్ అడుగుతారు. వస్తుంటే కారణం ఎక్కువగా మనసు వైపు ఉందని అర్థం.

ఆందోళనకు వాడే మాత్రల్లో ఎస్ఎస్ఆర్ఐ రకానివి చాలామందిలో కోరికను తగ్గిస్తాయి, స్ఖలనాన్ని ఆలస్యం చేస్తాయి. ఆయన వాడుతున్నవి ఆ రకమేనా, రాసిన డాక్టర్నే అడగాలి. మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో వాళ్లు చేయగలరు. మీకు మీరుగా ఉన్నట్టుండి మానిపించకండి, తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం లాంటివి వస్తాయి. స్తంభన కోసం వాడే, 1998లో వచ్చిన సిల్డెనాఫిల్ (వయాగ్రా) మాత్రనూ డాక్టర్‌ను అడక్కుండా కొనొద్దు. ఛాతీనొప్పికి నైట్రేట్ మందులు వాడేవాళ్లలో అది బీపీని ప్రమాదకరంగా పడేస్తుంది. పైగా అది రక్తప్రసరణకు సాయపడుతుందే తప్ప కోరికను పుట్టించదు.

‘ప్రేమే ఉంటే తనే రావాలి’ అన్నారు. ఈ నమ్మకం వల్ల ఇద్దరూ ఎదురుచూస్తూ కూర్చున్న జంటలను చాలామందిని చూశాను. కోరిక ఎప్పుడూ ముందే పుట్టి మనిషిని కదిలించాలని లేదు. దగ్గరితనం మొదలయ్యాక మెల్లగా పుట్టే కోరికా ఉంటుంది. కెనడా వైద్యురాలు రోజ్‌మేరీ బాసన్ 2000లో ఈ మాట ముఖ్యంగా స్త్రీల విషయంలో చెప్పారు. నా అనుభవంలో, ఏళ్ల తరబడి దూరంగా ఉన్న మగవాళ్లకూ ఇది వర్తిస్తుంది.

మూడో మనిషి ముందు ఏం జరుగుతుందో తెలియకే చాలామంది వెనకాడతారు. అక్కడ జరిగేది మాటలే. థెరపిస్టు తాకరు, బట్టలు తీయమనరు, ఏదీ చేసి చూపించమనరు. మామూలుగా మొదట ఇద్దరితో కలిపి, తర్వాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతారు. విడిగా చెప్పింది రెండోవారికి చెప్తారా లేదా అన్నది మొదటిరోజే అడగండి. ఒక్కొక్కరు ఒక్కో పద్ధతి పాటిస్తారు.

ఇంటి దగ్గర చేయాల్సిన అభ్యాసాలు ఇస్తారు. వాటిలో పేరున్నది, 1970లో అమెరికా పరిశోధకులు విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్ ప్రచారంలోకి తెచ్చిన స్పర్శ పద్ధతి. మొదటి నియమం వింటే మీవారు ఆశ్చర్యపోతారు: కొన్ని వారాలపాటు సంభోగం వద్దు. వీపు, చేతులు, పాదాలు ఒకరివి ఒకరు వంతులవారీగా తాకాలి. మొదట్లో రొమ్ములు, జననాంగాల జోలికి వెళ్లకూడదు. ఎదుటివారికి సుఖం ఇస్తున్నామా అని కాదు, మన చేతికి ఏం తెలుస్తోందో చూసుకోవాలి. గెలవాల్సింది ఏమీ లేదు కనుక ఓడిపోయే భయమూ ఉండదు. మెల్లగా, కొన్ని మెట్లు దాటాకే మిగతావి.

ఒక్కరే వెళ్తే ఆయన స్తంభన బాగుపడదు. కానీ ఆయన వెనక్కి తగ్గినప్పుడు మీలో ఏమవుతోందో, అది మాటగా ఎలా బయటికొస్తోందో అక్కడ తేలుతుంది. ఇంట్లో జరిగే గొడవలో మీ వంతు మారితే మొత్తం గొడవే మారుతుంది. థెరపిస్టు చదువు, లైంగిక సమస్యల్లో శిక్షణ అడిగి తెలుసుకోండి. వారంలో నయం చేస్తామనేవాళ్ల దగ్గరికి మాత్రం పోవద్దు.

ఈ విషయం పడగ్గదిలో, రాత్రిపూట ఎత్తకండి. పగలు, ఇద్దరూ తీరిగ్గా నడుస్తున్నప్పుడు చెప్పండి. ముందు కౌన్సెలింగ్ మాట తేవొద్దు, రక్తపరీక్షకు మగవాళ్లు అంతకంటే తేలిగ్గా ఒప్పుకుంటారు. ‘మీకు కుదరడం లేదని కాదు, మీరు పక్కన లేరనే నాకు బాధ. ఆ రోజు నేనన్న మాట తప్పు. ఈ రాత్రి ఏమీ జరగక్కర్లేదు, నేను మెలకువగా ఉండగానే వచ్చి పడుకోండి’ అనండి. మీరు థెరపిస్టు దగ్గరికి వెళ్తే, వెళ్తున్నట్టు ఆయనకు చెప్పే వెళ్లండి.