పెద్దలు నిలబెడితే నిలబడాల్సిందేనా? సర్పంచ్ పదవి వద్దనొచ్చా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర లంక ఊరండి. ఈసారి సర్పంచ్ సీటు లేడీస్‌కి వచ్చింది. పెద్దలు కూర్చుని ఏకగ్రీవం అనేసి, రెండున్నరేళ్ళు నేను, తర్వాత రెండున్నరేళ్ళు ఇంకో ఇంటి కోడలు అని కాగితం రాసి నాచేత సంతకం పెట్టించి, అమ్మవారి గుళ్ళో మాట కూడా తీసుకున్నారు. ఇప్పుడేమో డేటు వెయ్యకుండా రాజీనామా లెటర్ ఇమ్మంటున్నారు. మా ఆయన నువ్వు సంతకాలు పెట్టు చాలు, మిగతాది నేను చూసుకుంటా అంటున్నారు. నాకు ఇష్టం లేదు. వద్దంటే కేసవుతుందా? పోనీ గెలిచాక పని చెయ్యనంటే?

జవాబు: ఏ కేసూ అవ్వదమ్మా, నిశ్చింతగా ఉండండి. మీరు సంతకం పెట్టకుండా మీ పేరున నామినేషన్ వెయ్యడం ఎవరి వల్లా కాదు. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 169వ సెక్షన్లో ఎన్నికల హక్కు అంటే పోటీ చెయ్యడం ఒక్కటే కాదు, పోటీ చెయ్యకపోవడం, వేసిన నామినేషన్ వెనక్కి తీసుకోవడం కూడా అని స్పష్టంగా రాసుంది, మనోళ్ళు ఎవరూ ఈ ముక్క చదవరు గానీ. ఆ హక్కుకి కావాలని అడ్డుపడితే 171 కింద నేరం, ఏడాది దాకా జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ పడొచ్చు. గుడి సంగతి అడిగారు కదా, అభ్యర్థినో ఓటరునో పట్టుకుని మాట తప్పితే అమ్మవారి ఆగ్రహం తగులుద్ది అని భయపెట్టడం కూడా అదే సెక్షన్లోకి వస్తుంది. భక్తి మీ ఇష్టం, దాన్ని అడ్డం పెట్టుకుని పోటీకి దింపడం మాత్రం కుదరదు.

ఒకవేళ నామినేషన్ వేసేసినా, ఉపసంహరణ రోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు మీ సంతకంతో నోటీసు ఇస్తే సరి, ఇచ్చాక మళ్ళీ మనసు మార్చుకోడానికి లేదు. ఆ టైం దాటి మీరొక్కరే మిగిలితే గెలిచినట్టే. అప్పుడు కూడా పదవి వద్దనుకుంటే రాజీనామా ఇచ్చుకోవచ్చు, జైలేమీ ఉండదు, మళ్ళీ ఎన్నిక జరిగేదాకా ఉప సర్పంచ్ నడిపిస్తారు.

ఇక ఆ రెండున్నరేళ్ళ కాగితం. పబ్లిక్ పదవిని పంచుకుంటూ రాసుకున్న ఒప్పందం 1872 కాంట్రాక్ట్ చట్టం 23వ సెక్షన్ ప్రకారం చెల్లదు, దాని మీద మిమ్మల్ని కోర్టుకి లాగినా నిలబడదు. మరి డేటు లేని లెటర్ ఎందుకు అడుగుతున్నారంటారా, జనం నేరుగా ఎన్నుకున్న సర్పంచ్ మీద మన పంచాయతీరాజ్ చట్టంలో అవిశ్వాసం పెట్టడానికి దారి లేదు, అది ఉప సర్పంచ్‌కీ ఎంపీపీకీ ఉంది గానీ మీకు లేదు, అందుకని మధ్యలో దించాలంటే మీ చేతి రాతే వాళ్ళకి దిక్కు. ఆ లెటర్ ఎట్టి పరిస్థితుల్లో ఇవ్వకండి. 1984లో కరణాలు మునసబుల పదవులు తీసేశారు, పదవంటే ఇంటి ఆస్తి అనుకునే బుద్ధి మాత్రం ఎక్కడికీ పోలేదు.

అన్నిటికంటే నాకు భయమేసేది మీ ఆయన మాట. పదవి వద్దంటే నష్టం లేదు, పేరు మీది పెట్టి పని ఆయన చేస్తేనే మీకు ముప్పు. తీర్మానాల పుస్తకంలో సంతకం మీది, ఆర్థిక సంఘం నిధుల బిల్లు వదలాలంటే పంచాయతీ కార్యదర్శి కీతో పాటు వాడే డిజిటల్ సంతకం కీ మీ పేరున ఉంటుంది, అది ఆయన చొక్కా జేబులో ఉన్నా సరే. రేవు పాట డబ్బులు, చెరువు పాట డబ్బులు, డ్రైను పూడిక బిల్లు, ఎక్కడ తేడా వచ్చినా ఆడిట్ వాళ్ళు సర్‌ఛార్జి, అంటే పోయిన డబ్బు కట్టమని, వేసేది మీ మీద, అవినీతి నిరోధక చట్టం కింద పబ్లిక్ సర్వెంట్ మీరు, నాకేం తెలీదు మా ఆయన పెట్టమన్నారు అంటే ఎవరూ వినరు. ఆయన మీ కుర్చీలో కూర్చుని నేనే సర్పంచ్‌ని అన్నట్టు పెత్తనం చేస్తే, పబ్లిక్ సర్వెంట్‌నని నటించినందుకు న్యాయ సంహితలోనే 204వ సెక్షన్ ఉంది, ఆరు నెలలకి తక్కువ కాకుండా మూడేళ్ళ దాకా. ఈ కేసులు అరుదే గానీ ఆయనకి ఒకసారి చదివి వినిపించండి.

రాసిన ఆ కాగితం దొరికితే ఫొటో తీసి మీ ఫోన్లో ఉంచుకోండి, ఎవరైనా బెదిరిస్తే అది జత చేసి ఎన్నికల అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.