పంది పోగు హైదరాబాద్‌కు తేవచ్చా?

ప్రశ్న: మాది అమ్రాబాద్ దగ్గరి పల్లె. పల్లి చేన్లో అడవి పంది ఉచ్చుకు పడితే ఊళ్లో మాంసం పోగులు (వాటాలు) వేశారట. మా మామ నాకూ రెండు కిలోలు ఫ్రిజ్‌లో ఉంచాడు. చంపింది మేం కాదు. థర్మకోల్ డబ్బాలో ఐస్ వేసి బండి మీద తెచ్చుకోవచ్చా?
– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఐస్ సంగతి తర్వాత. ఆ పోగు మీ మామది కాదు, సర్కారుది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రకారం వేటలో చచ్చిన జంతువే కాదు, దాని మాంసం కూడా ప్రభుత్వ ఆస్తే. చేతికి వస్తే 48 గంటల్లో పోలీసులకో ఫారెస్టు వాళ్లకో చెప్పాలి. పంట పాడు చేస్తోందని అనుమతి ఇచ్చి కాల్పించిన పందయినా ఇంతే. ‘చంపింది నేను కాదు’ అంటే సరిపోదు, అక్రమంగా పెట్టుకోలేదని నిరూపించుకోవాల్సింది మీరే. మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. బండి కూడా పోతుంది.

నేను ఫారెస్టు రేంజ్ ఆఫీసర్‌గా ఉన్నప్పుడు చెక్‌పోస్టులో ఒకాయన టిఫిన్ డబ్బా చూపించి ‘యాట కూర సార్’ అన్నాడు. వాసన వేరేగా ఉంది. వండిన ముక్కనే హైదరాబాద్‌లో డీఎన్‌ఏ పరీక్షలు చేసే సీసీఎంబీ ల్యాబ్‌కు పంపితే దుప్పి అని తేలింది. ఆయన బైకు మా ఆఫీసు వెనక చింతచెట్టు కింద మూడు వానాకాలాలు తడిసింది. పెళ్లికి అత్తగారు పెట్టిన బండట, పాపం.

మామను పట్టించినట్టు అవుతుందని మీకు మొహమాటం. అయినా మామకు ఇవాళే ఫోన్ చేసి, ఫారెస్టు బీట్ ఆఫీసర్‌కు ఆయననే చెప్పమనండి. పంట నష్టానికి దరఖాస్తు సంగతి కూడా ఆ ఆఫీసర్‌నే అడగొచ్చు. పందికని కట్టిన ఉచ్చులో చిరుత పడితే కథ ఇంకా పెద్దదవుతుంది.

తినడానికీ అది మంచిది కాదు. రాత్రి ఉచ్చులో చచ్చి, పేగులు తీయకుండా తెల్లారేదాకా పడున్న జంతువు లోపలినుంచే పాడవుతుంది. అడవి పంది కండలో ఉండే పురుగులు ఫ్రిజ్ చలికి చావవు.

మీకు కావాల్సింది యాట మాంసమైతే నిశ్చింతగా తెచ్చుకోండి. కోయించాక వేడి ఆరనిచ్చి కవర్లో గట్టిగా కట్టండి. కిందా పైనా ఐస్ పెట్టి, కరిగిన నీళ్లు ముక్కలకు తగలకుండా చూసుకోండి. దారి మూడు గంటల పైనే కాబట్టి ఎండెక్కకముందే బయలుదేరండి. కొట్టువాడి చీటీ జేబులో ఉంచుకోండి, మన్ననూరు చెక్‌పోస్టులో డబ్బా తెరిపించొచ్చు.