ట్యూనింగ్‌కు నలభై వేలు సరే, తర్వాతి ఖర్చుకో?

ప్రశ్న: మాది బరంపురం, పట్టు చీరల వ్యాపారం. నెలకు సగటున 70 వేలు మిగులుతుంది. ఇంటి ఖర్చు 35 వేలు, కారు ఈఎంఐ 11,500. నిరుడు సెకండ్ హ్యాండ్‌లో పోలో జీటీ టీఎస్ఐ (1.2, డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్) కొన్నాను. దాని ఇంజిన్ కంప్యూటర్‌ను కస్టమ్ ట్యూన్ చేయించడానికి హైదరాబాద్‌లో 40 వేలు అడిగారు. క్రెడిట్ కార్డు ఈఎంఐ మీద పెట్టొచ్చా? ఎఫ్‌డీలో 1.2 లక్షలున్నాయి.

జవాబు: కార్డు మీద వద్దండీ. పన్నెండు నెలల ఈఎంఐకి, ఏడాదికి 16 శాతం అనుకున్నా, వడ్డీ, దాని మీద జీఎస్టీ కలిపి పడేది సుమారు 4,200. నా భయం ఆ డబ్బు గురించి కాదు. బండి దారిలో ఆగిపోయిన రోజు ఆదుకోవాల్సిన కార్డు లిమిట్ ముందే వాడేసి ఉంటుంది.

40 వేలు ఎక్కువేమీ చెప్పలేదు. పెట్రోలు ఎంత చిమ్మాలి, స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలి, టర్బో ఎంత గాలి నెట్టాలి అన్న లెక్కలన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉంటాయి. రెడీమేడ్ ఫైల్ అయితే ల్యాప్‌టాప్ తగిలించి ఎక్కించేస్తారు, చవక. కస్టమ్ అంటే మీ బండిని డైనో (ఇంజిన్ శక్తిని కొలిచే యంత్రం) రోలర్ల మీద ఎక్కించి, పరిగెత్తించి, గ్రాఫ్ చూసి, ఫైల్ దిద్ది, మళ్ళీ పరిగెత్తించాలి. మీరు కట్టేది ఆ మనిషి పనితనానికి. పైగా మీది టర్బో ఇంజిన్, కాబట్టి తేడా తెలుస్తుంది. టర్బో లేని కారైతే అసలు వద్దనే చెప్పేవాణ్ణి.

అసలు ఖర్చు ఆ తర్వాత మొదలవుతుంది. మీ కారు కంపెనీ నుంచి వచ్చినప్పుడు టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, 175 ఎన్ఎం. ఆ ఏడు గేర్ల డీఎస్‌జీ డ్రై క్లచ్ తట్టుకునేది 250 వరకే. ట్యూనింగ్‌తో మధ్యలో ఉన్న ఆ ఖాళీనే వాడేస్తారు. అందుకే డబ్బు కట్టేముందు "టార్క్ ఎంత దగ్గర ఆపుతారు?" అని అడగండి. సూటిగా అంకె చెప్పకపోతే వెనక్కి వచ్చేయండి.

రాయగడలో నా క్లయింటు ఒకాయన ఇదే బండికి ట్యూన్ చేయించారు. ఎనిమిది నెలలకు తప్తపాణి ఘాట్ ఎక్కుతుంటే ఆర్‌పీఎం ముల్లు పైకి పోతోంది గానీ బండి కదలడం లేదట. క్లచ్ పోయింది. అప్పటికే అది అరిగి ఉందేమో, ట్యూనింగ్ ఒక్కదాన్నే నేను తప్పుపట్టను. కానీ విశాఖ దాకా లారీ మీద మోయించిన ఖర్చుతో కలిపి బిల్లు లక్షా పద్దెనిమిది వేలు. ఆయన పర్సనల్ లోన్ తీసుకున్నారు. ఆ బిల్లు చూసిన రోజు నాకూ బాధేసింది.

95 ఆక్టేన్ పెట్రోలుకు (మామూలు దానికంటే ఖరీదైన రకం) ట్యూన్ చేస్తే ఇకపై అదే పోయాలి. లీటరుకు 7 రూపాయలు ఎక్కువనుకుంటే, నెలకు వెయ్యి కిలోమీటర్లకు ఆరు వందల దాకా అదనం. అది మీ దారిలో ఏ బంకుల్లో దొరుకుతుందో ముందే చూసుకోండి.

ఇన్సూరెన్స్ వాళ్ళకు ముందుగా ఈమెయిల్ పెట్టి జవాబు తెప్పించుకోండి. చెప్పకుండా మార్పు చేస్తే సొంత డ్యామేజీ క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. మోటారు వాహనాల చట్టంలో అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి 5 వేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. ఆర్టీఓలోనూ ఓ మాట అడగండి.

ఎఫ్‌డీ ముట్టుకోకండి. మూడు నెలల ఇంటి ఖర్చుకు కాస్త ఎక్కువ, అంతే. మీది సీజన్ వ్యాపారం, నిజానికి ఆరు నెలలకు సరిపడా ఉండాలి. మీకు మిగిలే 23,500లో 10 వేలు దానికే కలపండి. వేరే సేవింగ్స్ ఖాతాలో నెలకు 8 వేలు వేయండి. పది నెలలకు 80 వేలు. 40 ట్యూనింగ్‌కు, మిగతా 40 క్లచ్ పేరిట అక్కడే ఉంచండి. క్లచ్ బిల్లు మొత్తానికి అది చాలదు, అందుకే ట్యూనింగ్ అయ్యాక కూడా ఆ 8 వేలు ఆపకండి. హైదరాబాద్ వెళ్ళేముందు క్లచ్, స్పార్క్ ప్లగ్‌లు చెక్ చేయించండి. పెళ్ళిళ్ళ సీజన్ పోయి గిరాకీ లేని నెలలో 8 వేలు వేయలేకపోతే వదిలేయండి, ట్యూనింగ్ ఒక నెల వెనక్కి జరుగుతుంది.