రికార్డింగ్ పీసీకి గేమింగ్ కాన్ఫిగరేషన్ పనికొస్తుందా? నా అనుభవం

మీరు అడిగింది, ఇంట్లో గొంతు, గిటార్, కీబోర్డు రికార్డ్ చేసుకోవడానికి పీసీ అసెంబుల్ చేయిస్తున్నాను, స్నేహితుడు ఇచ్చిన గేమింగ్ కాన్ఫిగరేషన్ సరిపోతుందా అని. సరిపోతుందండీ. కాకపోతే డబ్బులో పెద్ద భాగం మీకు అక్కర్లేని గ్రాఫిక్స్ కార్డుకి పోతుంది, కావాల్సిన వాటికి మిగలదు. నేను మొదట చేయించుకున్నది సరిగ్గా అలాంటిదే.

దానికి మూడు ఫ్యాన్ల గ్రాఫిక్స్ కార్డు, ముందువైపు రంగురంగుల లైట్లు. మొదటి రోజు ఓ పాట పాడి విన్నాను, బాగానే అనిపించింది. తర్వాత గొంతు మీద కంప్రెసర్ (గట్టి, మెల్ల శబ్దాల మధ్య తేడా తగ్గించే సాఫ్ట్‌వేర్) వేసి లెవెల్ ఓ పది డెసిబెల్స్ పెంచాను. అంతే, ఊపిరి తీసుకునే ప్రతి చోటా వెనక గాలి హోరు. కంప్రెసర్ తప్పేమీ లేదు, గొంతుతో పాటు హోరునీ అంతే పైకి లేపింది. నాయిస్ తగ్గించే ప్లగిన్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం) వేస్తే హోరు పోయింది కానీ, పాటలో ‘స’లు, ‘ష’లు కూడా మొద్దుబారాయి. చివరికి టవర్‌ని బల్ల కిందకి తోసి దుప్పటి కప్పాను. అది వేడెక్కి ఫ్యాన్లు ఇంకా గట్టిగా తిరిగాయి. నవ్వకండి, ఆ వయసులో అందరం చేస్తాం.

అందుకే నా లెక్కలో మొదటి ఖర్చు నిశ్శబ్దం మీద. ఆడియోకి విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, ప్రాసెసర్‌లో ఉన్నదే చాలు. అయితే ఇంటెల్ మోడల్ నంబరు చివర ఎఫ్ అక్షరం ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, చూసి కొనండి. మిగిలిన డబ్బుతో పెద్ద హీట్‌సింక్ ఉన్న కూలర్, 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు తీసుకోండి. పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినా చిన్నదానంత గాలి తోస్తుంది. బయోస్‌లోకి (పీసీ ఆన్ చేయగానే తెరవగలిగే సెట్టింగుల్లోకి) వెళ్లి, వేడి 60 డిగ్రీలు దాటేదాకా ఫ్యాన్ వేగం మారకుండా పెట్టుకోండి. ఒకే స్థాయిలో ఉండే సన్నటి హోరు పాటలో కలిసిపోతుంది, మాటిమాటికీ పెరిగి తగ్గేదే చెవికి దొరికిపోతుంది. ముందు నుంచి వచ్చే శబ్దాన్నే ఎక్కువగా పట్టుకునే కార్డియాయిడ్ మైక్ అయితే దాని వీపు టవర్ వైపు ఉండేలా పెట్టండి, వెనక నుంచి వచ్చే శబ్దాన్ని అది తక్కువ పట్టుకుంటుంది. పైసా ఖర్చు లేని పని, నాకు మాత్రం చాలా ఆలస్యంగా తట్టింది.

నన్ను అంతకంటే ఎక్కువ ఏడిపించింది చిటపటల గొడవ. పది, పన్నెండు ట్రాకులు దాటగానే హెడ్‌ఫోన్స్‌లో చిటుక్కుమనేది. టాస్క్ మేనేజర్‌లో చూస్తే సీపీయూ 30 శాతం కూడా వాడటం లేదు. అయినా ప్రాసెసర్ చాలట్లేదనుకుని ఇంకా పెద్దది కొన్నాను. చిటుకులు అలాగే ఉన్నాయి!

తర్వాత అర్థమైంది. టాస్క్ మేనేజర్ చూపేది సగటు. ఆడియోకి సగటుతో పని లేదు, గడువుతో పని. 48 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 48,000 శాంపుల్స్ (శబ్దం కొలతలు) తీసేటప్పుడు, బఫర్‌ని (ఒక్కో విడతలో పంపే ముక్క సైజుని) 128 శాంపుల్స్ పెడితే, కంప్యూటర్ ప్రతి 2.67 మిల్లీసెకన్లకోసారి కొత్త ముక్క తయారుచేసి ఇవ్వాలి. ఈలోగా ఏదో ఒక డ్రైవర్ (ఒక్కో పరికరాన్ని నడిపే ప్రోగ్రాం) ప్రాసెసర్‌ని కాసేపు పట్టుకుని వదలకపోతే ఆ ముక్క అందదు, మనకి చిటుక్కు వినిపిస్తుంది. లేటెన్సీమాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిపితే ఎర్రగీతల పక్కన వైఫై డ్రైవర్ పేరు కనిపించింది. డివైస్ మేనేజర్‌లో వైఫైని డిసేబుల్ చేశాను. అంతటితో చిటుకులు ఆగిపోయాయి. ఇప్పుడు ఇంటర్నెట్‌కి కేబుల్ వాడుతున్నాను. మీకూ చిటపటలు వస్తే కొత్త ప్రాసెసర్ కొనేలోపు ఈ పరీక్ష చేయండి. విండోస్ పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌లో ఉందో లేదో, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ (వాడని యూఎస్‌బీ పరికరాలకి పవర్ తగ్గించే సెట్టింగ్) ఆపేశారో లేదో కూడా చూడండి.

ప్రాసెసర్ సంగతికొస్తే, ఒక ట్రాకు మీద వరుసగా వేసిన ప్లగిన్లు ఒకదాని తర్వాత ఒకటి నడవాలి కాబట్టి సాధారణంగా ఆ వరుసంతా ఒకే కోర్ మీద పడుతుంది. అందుకే కోర్‌ల సంఖ్య కంటే ఒక్కో కోర్ వేగం ముందు చూడాలి. ఆరు లేదా ఎనిమిది వేగమైన కోర్‌లుంటే మీ పనికి ఎక్కువే.

ర్యామ్ 16 జీబీ సరిపోతుంది. ఆర్కెస్ట్రా శాంపుల్ లైబ్రరీలు (ముందే రికార్డు చేసి పెట్టిన వాద్యాల శబ్దాలు) వాడేట్టయితే 32, ఖాళీ స్లాట్లు ఉంచుకోండి. స్టోరేజ్ గురించి అందరూ అనవసరంగా కంగారు పడతారు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ మోనో ట్రాకు సెకనుకి 144 కిలోబైట్లు, ఎనిమిది ట్రాకులు కలిపినా దాదాపు 1.15 మెగాబైట్లే. పాత హార్డ్ డిస్క్ కూడా మోస్తుంది. కానీ అది గరగరమంటుంది, శాంపుల్స్ లోడ్ చేయడానికి యుగాలు తీసుకుంటుంది. కాబట్టి లోపల ఎస్ఎస్‌డీ, బ్యాకప్‌కి బయట హార్డ్ డిస్క్. రికార్డింగ్ అయ్యాకే దాన్ని తగిలించండి.

మదర్‌బోర్డు కంటే ముందు ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్, గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) ఎంచుకోండి. థండర్‌బోల్ట్‌ది అయితే బోర్డులో ఆ పోర్టు ఉండాలి. యూఎస్‌బీది అయితే హబ్ లేకుండా నేరుగా వెనక పోర్టుకి పెట్టండి. సొంత ఏసియో డ్రైవర్ (విండోస్‌లో శబ్దం ఆలస్యాన్ని తగ్గించేది) ఉందా, డైరెక్ట్ మానిటరింగ్ బటన్ ఉందా అని చూడండి. ఆ బటన్ ఉంటే మీ గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లి రాకుండానే హెడ్‌ఫోన్స్‌లో వినిపిస్తుంది, బఫర్ ఎంత పెద్దదైనా పాడటానికి ఇబ్బందుండదు. గిటార్‌కి ఆంప్ ప్లగిన్ (ఆంప్లిఫయర్ శబ్దాన్నిచ్చేది) వేసి వాయించేటప్పుడు మాత్రం శబ్దం కంప్యూటర్‌లోంచే రావాలి, బఫర్ పెద్దదైతే ఆలస్యంగా వస్తుంది కాబట్టి దాన్ని తగ్గించుకోక తప్పదు. పది మిల్లీసెకన్ల ఆలస్యమంటే స్పీకరుకి మూడున్నర మీటర్ల దూరంలో నిలబడి వాయించినట్టు. గిటార్ వాయించేవాళ్లు సర్దుకుంటారు. పాడేవాళ్లకి తమ గొంతు లోపల్నుంచి ముందే వినిపిస్తుంది కాబట్టి చిరాకేస్తుంది.

ఆ మూడు ఫ్యాన్ల కార్డుని మా తమ్ముడు పట్టుకెళ్లాడు. వాడు ఆటలు మొదలుపెడితే పక్క గదిలోంచి కూడా ఆ హోరు నా మైక్‌లో పడుతోంది.